బూడిద రంగు వరుస

డే అండ్ నైట్ జంక్షన్‌లో
టిఫిన్ సెంటర్ మేడమీద మా గది.
కింద అట్లకాడ చప్పుడు ఆగాక
పైన నా డ్యూటీ మొదలు.

గోడకి రెండు తెరలు. తెరలనిండా ఊళ్ళు.
నరసన్నపేట నగల కొట్టు, ఆమదాలవలస మందుల షాపు,
టెక్కలి గ్రానైటు ఆఫీసు,
కాశీబుగ్గలో బైరాగి సాహు జీడిపిక్కల గోడౌను.
అందరూ పచ్చగా ఉంటారు, డబ్బు కట్టినంత కాలం.
ఎక్కడో తలుపు కదిలితే
ఇక్కడ నా చెవి పక్కన కూత.
ఫోను చేస్తాను:
"అయ్యా, వెనక తలుపు. మీరేనా?"
నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే.

ఐదో తారీఖున మెసేజీ. పదిహేనున ఫోను.
ఇరవై ఒకటిన మా ప్రొప్రయిటరు
చీటీమీద పేర్లు రాసి, నా టీ గ్లాసు కింద పెట్టి వెళతాడు.
ఒక్కో పేరుకీ ఒక్కో నొక్కు.

సాహు గారికి పదిహేనునే చెప్పాను, మూడు నెలలైందని.
"పిక్క రేటు పడిపోనాది తల్లీ.
బస్తాలు అలాగే ఉన్నాయి, కొనీవోడు నేడు.
కాపలా ఆపెత్తే ఆపియ్యండి గానీ
ఆ పెట్టి మాత్రం గోడనుంచి ఊడదియ్యకండి.
దాన్ని సూసయినా దొంగోడు జడుత్తాడు."
నవ్వాడు. నేనూ నవ్వాను.
కంపెనీ ఫోన్లో నవ్వు కూడా రికార్డవుతుంది.

ఇరవై ఒకటి. నొక్కాను.
ఆకుపచ్చ వరుస బూడిద రంగయింది. అంతే.
పిడుగేమీ పడలేదు.
బూడిద వరుస కూయదు.
కానీ మేం వినడం మానేశామని
గోడమీది పెట్టెకి తెలీదు.
అది చెబుతూనే ఉంటుంది,
తెర అడుగున, చీమతలకాయలంత అక్షరాల్లో.

ఆ రాత్రే, రెండూ నలభై.
కాశీబుగ్గ. వెనక తలుపు తెరుచుకుంది.
రూలు ప్రకారం నేను చూడలేదు.
నా సొంత ఫోను తీసి
తొమ్మిది అంకెలు నొక్కి, ఆగి, పదోది నొక్కాను.
"మీరు డయల్ చేసిన నంబరుకు సేవలు
తాత్కాలికంగా నిలిపివేయబడ్డాయి."
సాయంత్రం నేను ఆయనకి పంపిన మాటలే,
ఒక్క అక్షరం తేడా లేదు.

అడుగున ఇంకో ముక్క పడింది:
ఒకటో కోడు. సరైనది.
ఒకటో కోడు సాహు గారిదే.
పన్నెండు నిమిషాలకి తలుపు మూసుకుంది.

మర్నాడూ రెండూ నలభై. ఆ మర్నాడూ.
పచ్చ వరుసలన్నిటికీ నేను కాపలా,
ఆ ఒక్కదానికీ ఆయనే.
చీకట్లో తన బస్తాల్ని తనే తడిమి చూసుకుంటాడేమో.
పన్నెండు నిమిషాలని పెట్టె లెక్క చెబుతుంది,
ఆ లెక్కలో బీడీ ఉందో
ఏడుపుందో చెప్పదు.

ఐదో రాత్రి వాన.
రెండూ నలభై దాటింది. యాభై ఐదు.
నరసన్నపేటలో పిల్లి దూరి కూత పెట్టిస్తే
ఓనరుని నిద్రలేపి, సర్దిచెప్పి
మళ్ళీ అడుగునే చూశాను.
లేచి మంచినీళ్ళు తాగాను.
కింద పాలవ్యాను వచ్చి, ట్రేలు దించి, వెళ్ళిపోయింది.
మూడూ పదకొండు:
ఒకటో కోడు.

సస్పెండయిన వరుసకీ రిమార్కుల గడి ఒకటుంటుంది.
ఎవరూ చదవరు. అందులో కొట్టాను:
"వచ్చారు. వాన వల్ల ఆలస్యం."