పద్నాలుగో ప్రశ్న

ధర్మాబాద్ మిర్చి గోదాములో
సర్వే కాగితాలు పట్టుకు తిరిగాను ఆ మధ్యాహ్నం.
తుమ్ము మీద తుమ్ము.
పద్నాలుగో ప్రశ్న:
మీరు సుఖంగా ఉన్నారా? పదికి ఎంత?

తొడిమెలు తీసే ఆడవాళ్ళు నవ్వారు.
ఒకామె నా చెప్పులు చూసి మరాఠీలో ఏదో అంది,
మళ్ళీ నవ్వారు.
సాయవ్వ మాత్రం తలెత్తలేదు.
"ఇప్పుడడిగితే ఏం జెప్పాలె సారూ,
పొద్దుగూకినంక రా."

ఆగాను, ఎందుకో.
హైదరాబాద్ బండి అరగంట ఆలస్యంగా కూసింది.
తూకం దత్తు ఎనిమిది కిలోలు చూసి
చిట్టీలో ఏడున్నర రాశాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.

ఆరింటికి ఆమె గోడవారన చతికిలబడి
సత్తుగిన్నె మూత తీసింది.
పొద్దుటి మజ్జిగ, పులిసి నురగ కట్టింది.
రెండు చేతులూ మణికట్టుదాకా ముంచి
కళ్ళు మూసుకుంది.
పగలంతా రగిలిన మంట
ఒక్కో వేలునీ వదిలిపోతుంటే
"అబ్బ" అంది,
ఎవరితోనూ కాదు.

"ఇగ రాస్కో."
"ఎంతని?"
"చెయ్యి సల్లవడ్డంత."

గడిలో అంకె తప్ప పట్టదు.
అయినా మధ్యాహ్నమే, టీ తాగుతూ,
అందరికీ ఐదేసి వేసేశాను.

రాత్రి రైల్లో, బాసర దాటాక,
మరిచిపోయి కన్ను నులుముకున్నాను.
భగ్గుమంది.
తడుముకుంటూ పోతే కుళాయిలో చుక్క లేదు.
ఎవరో సీసా మూత తిప్పి చేతిలో పెట్టారు.
గాజుల చప్పుడు విన్నాను,
ముఖం చూడలేదు.
నీళ్ళు కారుతున్నంతసేపూ
కళ్ళు మూసుకునే ఉన్నాను.