రాళ్ల కట్ట

మా ద్వీపంలో క్రిస్మస్ వేసవిలో వస్తుంది.
బంగాళాదుంప చేలు తెల్లగా, ఊదాగా పూసి ఉంటాయి.
రాత్రి తొమ్మిదైనా వెలుతురు
మొహమాటం లేని చుట్టంలా వాకిట్లోనే కూర్చుంటుంది.
మంచూ, కాపర్ల చలిమంటా మాకు వినికిడే.
వాన మాత్రం మాది.

ఫాదర్ పడవ ఏడాదికోసారి, మార్చిలో.
అందుకని పుస్తకం తెరిచేది ఎలాదియో నాఉతో,
వారం పొడుగునా పడవల అడుగులకు తారు పూసే మనిషి.
గోళ్ల సందుల్లో ఆ నలుపు ఇంకా పోలేదు.
అతని తండ్రి చదివాడు, తాతా చదివాడు.
తాతకి అక్షరం ముక్క రాదు,
పేజీలు తిప్పుతూ నోటికొచ్చిందే చెప్పేవాడు.
ఓసారి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడని
ఇప్పటికీ నవ్వుతారు మావాళ్లు.
కథలో ఒక్క ముక్క తప్పిపోలేదట.

ఇనప మేకు లేని చర్చి, కొయ్య చీలల మీద నిలబడింది.
పైకప్పు బోర్లించిన పడవ.
నిన్న రాత్రి దాని కింద
ఎలాదియో గొంతు సవరించుకున్నాడు.
చక్రవర్తి జనాన్ని లెక్క రాయించమన్నాడు.
మా మైతే, ఎనిమిదేళ్లది, నా చెవిలో:
"అత్తా, తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసుగా,
మళ్లీ ఎందుకు?"
ష్, అన్నాను.
జవాబు లేకే ష్ అన్నాను.

నాలుగేళ్ల కిందట, నవంబరులో,
దీని నాన్న పడవ దొరికింది.
నా తమ్ముడు రెమీహియో దొరకలేదు.
ఆ క్రిస్మస్‌కి ఇదే బల్ల మీద
చెవులకు గడియ పెట్టుకుని కూర్చున్నాను.
దేవదూత భయం వద్దన్న చోట
లేచిపోదామనుకున్నాను. మోకాళ్లు రాలేదు.
పక్కన దోన్యా ఎర్సీలియా,
సముద్రానికి ఇద్దరు కొడుకుల్నిచ్చినావిడ,
పెదాలు కదుపుతూ, ఒక్క మాటా వదలకుండా వింటోంది.
ఆ ఏడు నేను వినలేదు.
నా వంతు కూడా ఆవిడే వింది.
తర్వాతెప్పుడో ఆకలేసి వెతుక్కుంటే
కథ అక్కడే ఉంది,
రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్లకి
గిన్నె మీద గిన్నె బోర్లించి ఉంచిన అన్నంలా.

పదహారేళ్లప్పుడు నాకు ఆ కథలో
ఆ అమ్మాయి వయసొక్కటే వినబడింది.
మరో ఏడు యోసేపు.
అంత జరిగినా ఒక్క మాటా అనడు, అచ్చం మా నాన్న.
నిరుడు, చేపల ఫ్యాక్టరీ పనికొచ్చిన
హైతీ మొగుడూ పెళ్లాలు గుమ్మంలో తడుస్తూ నిలబడ్డారు.
సత్రంలో చోటు లేదన్న దగ్గర
ఎలాదియో ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
బల్లలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి,
మేం జరుగుతుంటే.

ఈ ఉదయం ఆటు వేళ
మైతేని రాళ్ల కట్ట దగ్గరికి తీసుకెళ్లాను.
ముత్తాతలు పేర్చిన అర్ధచంద్రం, నడుమెత్తు.
పోటు దాని మీదుగా లోపలికొస్తుంది,
ఆటుకు మళ్లిపోతుంది,
వెళ్లలేనివి మనకి మిగుల్తాయి.
ప్రతి చలికాలం తుపాను దాన్ని దొర్లిస్తుంది.
ఏ రాయి ఎక్కడిదో మాకు తెలుసు.
తెలిసిన రాయిని
తెలిసిన చోటే మళ్లీ పెడతాం.
చేపలు మాత్రం నిన్నటివి కావు.
ఒక్కోనాడు ఏమీ ఉండదు, నాచు తప్ప.
ఇవాళ రెండు వెండి చేపలు, ఒక ఎండ్రకాయ,
ఎవరిదో రబ్బరు బూటు.

ఇదే నీ ప్రశ్నకి జవాబని దానికి చెప్పలేదు.
చెప్తే అది నమ్మేది కూడా కాదు.
వేళ్లు కొంకర్లు పోయే నీళ్లలో
వంగి రాళ్లెత్తుతూ, తనలో తను గొణుక్కుంటోంది:
చక్రవర్తి లెక్క రాయించమన్నాడు,
చోటు లేదన్నారు, పశువుల తొట్టిలో పెట్టారు,
అప్పుడు కాపర్లు పడవలో వచ్చారు,
చాలా దూరం నుంచి, రాత్రంతా తెడ్లేసుకుంటూ.
వాళ్లలో ఒకడికి రెమీహియో అని పేరు పెట్టింది.

నేను దిద్దలేదు.
ఇంకో రాయి అందించాను.