తేలికైన దారి

‘తేలికైన దారే’ అని ఉంది గేటు పక్కన రేకు మీద.
మొదటి అక్షరం నడుమ తుపాకీ గుండు చేసిన కన్నం,
అందులోంచి అటువైపు ఆకాశం.

గేటు తీసి, బండి దాటించి, మళ్లీ దిగి గొలుసు తగిలించాను.
నలభై ఏళ్లుగా గొలుసు నాది, స్టీరింగు లయల్‌ది.
ఇవాళ రెండూ నావే.

ఒక్కో టైరు దగ్గరా గొంతుక్కూర్చుని గాలి తీస్తుంటే
సీట్లోంచే విని "చాలు, ఆపు" అన్నాడు.
కొలిచి చూస్తే సరిగ్గా ఇరవై రెండు.

చూపు నట్టనడుమ మచ్చ పడింది, అది పోయేది కాదని
పోర్ట్ అగస్టా డాక్టరు చెప్పినప్పటి నుంచి
దారిని చెవులతో చూస్తున్నాడు.
అలలు తేలిన ఎర్రమట్టి మీద బండి పళ్లు కటకటలాడితే
"ఇంకాస్త తొక్కు గ్లెనిస్, మెల్లగా పోతేనే ఎముకలూడేది" అంటాడు.
చప్పుడు మెత్తబడగానే
"పిండి దుమ్ము. బిగబట్టకు, దానికి తోచినట్టు పోనీ."

నాకు పోవాలంటే భయం.
ఆగాలంటే అంతకన్నా.
వెనక అద్దం నిండా ఇటుకపొడి.
ఈము పక్షి ఒకటి మాతో పందెం కట్టి,
గెలిచే ముందర ఎందుకో మర్చిపోయి
పొదల్లోకి మళ్లింది.

ఎండిన వాగు.
"ఎడమ పక్కన పెద్ద యూకలిప్టస్, దాని మీద మన పాత బంపరు గీత. ఉందా?"
చెట్టుంది.
బెరడు రాలిపోయి, కొత్త చర్మం నున్నగా, తెల్లగా.
"ఉంది" అన్నాను.

ముందొచ్చిన వాళ్లెవరో
మూడు రాళ్లూ, చేతికందేంత కట్టెలూ వదిలి వెళ్లారు.
టీ మరిగేలోగా కొండ ఏ రంగుకొచ్చిందని అడిగాడు.
"ఉడికిన బీట్‌రూట్."
"అంతేనా?"
"ఇప్పుడు నీ పాత కోటు."
చాలాసేపు నవ్వాడు.

చీకటి పడ్డాక
మెడ వంచి, ఎటో పక్కకి చూస్తూ ఉండిపోయాడు.
ఏమైందంటే, ఎదురుగా చూస్తే చుక్కల్లేవట,
చూడనట్టు నటిస్తే అంచుల్లోకి వస్తున్నాయట,
పిరికి మేకల్లా.
నేనూ ప్రయత్నించాను. నిజమే,
సన్నవి కొన్ని అలా చూస్తేనే కనపడతాయి.

"ఆ చెట్టు ఏటా బెరడు విడుస్తుంది, గ్లెనిస్"
అన్నాడు, పడక జిప్పు లాక్కుంటూ.

నేనేమీ అనలేదు.
రేపు గేటు దగ్గర మళ్లీ గాలి కొట్టాలి.
పంపు ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు.