డ్రయ్యర్ ఆగేలోపు

ఆ మూడో మిషన్ తలుపు
మోకాలితో నొక్కితేగాని పడదు బాబూ. ఆ, అలాగే.
నీ చొక్కా మీద దీపం బొమ్మ చూసి అడుగుతున్నా,
'అంచుదీపం' ఎక్కణ్ణుంచి మొదలెట్టావు?
కొత్త సీజన్లా?
ఫరవాలేదులే, అదేం నేరం కాదు.
ఇంకా నలభై నిమిషాలుంది. కూర్చో.

నక్షత్రాలు అయిపోయే చోట ఒక దీపస్తంభం,
లోపల నలుగురు కాపలా,
దారి తప్పి వచ్చే ఓడలు.
అంతే కదా కథ, యాభై ఏళ్ల పైనుంచీ.
ఈ హెస్ల్ రోడ్డులో పుట్టిన వాళ్లం,
నాన్నలు ఐస్‌లాండ్ దాకా చేపలకి పోయిన పిల్లలం,
దీపం ఆరకూడదని
మాకు టీవీవాళ్లు చెప్పక్కర్లేదు.

అందరూ నెత్తిన పెట్టుకునేది 'గాజు ముట్టడి'.
ఆరు భాగాలు, అందులో మూడు నడవాలో పరుగులే.
నడవా ఒక్కటే, అటోసారి ఇటోసారి.
గోడమీద పెచ్చూడిన చోటు పట్టుకుంటే తెలిసిపోతుంది.
దానికి మార్కులు కొయ్యను.
వంటవాడు పిమ్‌ని చంపినందుకు కోస్తాను.
'ఉప్పు సరిపోయిందా' అని అడిగే మనిషి
ఆ స్తంభం మొత్తానికి వాడొక్కడే.
వాణ్ణి చంపి మనల్ని ఏడిపించడం
ఏం గొప్ప, ఉల్లిపాయ చేసే పనే కదా?

'ఉప్పు చంద్రుడు' చూశావా?
నవ్వకు. రాక్షసుడి వీపున జిప్పు కనిపిస్తుంది, నిజమే.
కానీ వాడు పిల్లకి లెక్కలు నేర్పుతాడే,
'రెండు రెళ్లు?' అంటే
పిల్ల 'వాన' అంటుంది.
కాసేపు ఆలోచించి 'సరే' అంటాడు.
అక్కడ జిప్పు ఎవరికి కనపడుతుంది?

ఇప్పటివాళ్లకి అన్నిటికీ కారణం కావాలి.
దీపం మొదట ఎవరు వెలిగించారో
మూడు సినిమాలు తీసి మరీ చెప్పారు.
ఎవరడిగారు వీళ్లని?

నా మొదటిదా?
'తొమ్మిదో కాపలా'.
నువ్వు చూసుండవు, ఎవరూ చూడలేదు,
ఆ టేపు చెరిపేసి
గుర్రప్పందేలు ఎక్కించుకున్నారు మహానుభావులు.
అది వచ్చిన రోజు నాకు తొమ్మిదేళ్లు.
ఇంకో ఏడు నిమిషాలుందనగా
మా మీటర్‌లో షిల్లింగు అయిపోయింది.
తెర మధ్య తెల్లచుక్క, తరవాత అదీ లేదు.
నా ఏడుపు భరించలేక మా అన్న రోలండ్
చెప్పుల్లేకుండా పక్కింటి పికరింగ్‌ల వైపు పరిగెత్తాడు.
తడిసి ముద్దై తిరిగొచ్చాడు.
చీకట్లో, పళ్లు టకటకలాడుతుంటే చెప్పాడు:
దీపం ఆరిపోయిందట.
కాపలావాడు స్పానర్ పట్టుకుని మెట్లన్నీ ఎక్కి దిగాడట.
అప్పుడు, ఇన్నేళ్లూ అది దారిచూపిన ఓడలన్నీ
ఒక్కొక్కటే వెనక్కి తిరిగి
తమ దీపాలు దానివైపు పెట్టాయట.

ఆ ముగింపుతో పెరిగాన్నేను.
నా పెళ్లిరోజు రాత్రి మా ఆయనకీ చెప్పాను, పాపం, నిద్రపోయాడు.

పోయిన మార్చిలో రీలు దొరికింది,
ఎవరిదో గరాజ్‌లో, పెయింటు డబ్బాల వెనక.
లీడ్స్‌లో వేశారు. ఒక్కదాన్నే వెళ్లాను,
రోలండ్ పోయి అప్పటికి రెండేళ్లు.
ఏడు నిమిషాలూ చూశాను.
దీపం ఆరనే ఆరదు.
కాపలావాడు టీ పెట్టుకుంటాడు,
ఒక జోకు వేస్తాడు, అదీ పాతదే,
పేర్లు పడతాయి.
ఒక్క ఓడ లేదు.

రైలు సెల్బీ దాటాక
కిటికీలో నా మొహం చూసుకుంటుంటే తట్టింది:
పికరింగ్‌ల ఇంట్లో
టీవీయే లేదు.
అసలు ఎప్పుడూ లేదు.

పదకొండేళ్ల కుర్రాడు,
వాళ్ల గోడవారగా,
ఏడు నిమిషాలు, ఆ వానలో.

లిస్టు రాసుకుంటున్నావా?
మొదటిది అదే, మార్చకు.
రచన అన్న చోట మాత్రం
ఆ టీవీ ఆయన పేరు కొట్టెయ్.

నీ డ్రయ్యర్ ఆగింది, లే.
డ్రమ్ము పైవైపు తడిమి చూసుకో,
ఒక మేజోడు ఎప్పుడూ
అక్కడే అతుక్కుపోయి ఉంటుంది.