పడదు

నాకు ఎడమ జబ్బకి ఒకటి, రత్నానికి కుడి జబ్బకి ఒకటి,
రూపాయి బిళ్ళంత తెల్లటి బిళ్ళ.
"పద్నాలుగు రోజులు పీకొద్దు, స్నానం చెయ్యొచ్చు,
తిన్నదల్లా రాయండి" అంది
కేజీహెచ్‌లో ఆ పరిశోధన పిల్ల.

మల్కాపురంలో రెండు గదుల ఇల్లు.
ఒకటే కుక్కరు, ఒకటే అన్నం,
గరిటె కొలతన చెరి సగం, కనగర్తల పులుసు.
గంట తర్వాత ఫోన్లో రెండు గీతలు.
నాది భీమిలి రోడ్డులా సముద్రం పక్కనే నడిచి
కాస్త ఎక్కి, కాస్త దిగి, ఊరుకుంది.
తనది
సింహాచలం మెట్లు ఎవరో తరుముతున్నట్టు ఎక్కి
పైన నిలబడి
దిగే దారి మరిచిపోయింది.

పదకొండేళ్ళు.
పదకొండేళ్ళు ఈ మనిషిని నేను దొంగని చేశాను.
రిపోర్టు వచ్చిన ప్రతిసారీ బెల్లం డబ్బా మూత తీసి చూశాను.
పంచదార అలమరాకి తాళం వేసి
చెవి పోర్టు ఐడీ కార్డు తాడుకి కట్టుకుని
డ్యూటీకి పోయాను.
"మీ అన్న గృహప్రవేశంలో ఎన్ని లడ్లు తిన్నావు?"
"ఒకటి."
"ఒకటికి ఇంతవుద్దా?"

తూకం గుమస్తాని.
లారీ ఖాళీగా ఎంత, లోడుతో ఎంత,
ఆ తేడాయే సరుకని ముప్ఫైయేళ్ళు సంతకం పెట్టినవాణ్ణి.
ఎక్కింది ఒకటే అయితే
ముల్లు ఒకచోటే ఆగాలి కదా!

నాలుగోరోజు పూర్ణా మార్కెట్లో
ఒకే గెల నుంచి తుంచిన రెండు చక్కెరకేళీలు.
తన గీత పెద్దగా కదల్లేదు.
నాది లేచింది,
డాల్ఫిన్ కొండ సముద్రంలోంచి లేచినట్టు.
రత్నం ఫోన్ చూసింది. నన్ను చూసింది.
"ఏటి మావా, దొంగసాటుగా ఏటి తిన్నావు?"
నవ్వుతుందేమో అని చూశాను.
నవ్వలేదు.

రాత్రి మూడింటికి యార్డు పక్క టీకొట్లో తిన్న బన్ను
పగలు తింటే అంత ఎక్కదట నాకు.
నిద్ర సరిపోని రోజు ఇడ్లీ కూడా పగబడుతుందట.
పేగుల్లో కంటికి కనపడని జనం ఉంటారట, కోట్లమంది.
నా లోపలిదొక పేట, తన లోపలిదొక పేట.
వలలో పడింది ఒకే చేపైనా
ఏ పేట ఎలా పంచుకుంటుందో ఆ పేట ఇష్టం.
ఇదంతా ఆ పిల్ల కాగితం మీద గీసి చెప్పింది.
నాకు మాత్రం మా అత్త గుర్తొచ్చింది.

పెళ్ళైన కొత్తలో ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి
"మా గుంటకి వరన్నం పడదు బాబూ" అంది.
నేను నవ్వాను.
వంకాయ పడకపోవచ్చు, రొయ్య పడకపోవచ్చు,
అత్తకి కోడలు పడకపోవచ్చు,
అన్నం పడకపోవడమేంటి?
ఇంట్లో బియ్యం బస్తా ఉండగా
చోడంబలి తాగితే నలుగురూ ఏమనుకుంటారు?
ఎంత చిన్న మాట, పడదు.
ఎవరి ఒంటిని వాళ్ళే ఎన్నాళ్ళో విని
పలికే సాక్ష్యమది.
నేను దాన్ని గారం అనుకున్నాను.

అత్త మాటా పూర్తిగా నెగ్గలేదులెండి.
అంబలి పలచగా కాస్తే గీత లేచింది,
గట్టిగా ముద్ద చేస్తే తగ్గింది.
చేప ముందు తిని అన్నం తర్వాత తింటే ఇంకొంచెం తగ్గింది.
రత్నం ఇప్పుడు తన కంచాన్ని తనే కనిపెడుతోంది,
తప్పులు చేసుకుంటూ, రాసుకుంటూ,
నన్ను అడక్కుండా.

పదిహేనోరోజు బిళ్ళలు ఊడదీశారు.
జబ్బల మీద గుండ్రటి మచ్చలు మిగిలాయి,
ఎండ తగలని చోట్లు.
అలమరా తాళం తీసి అటక మీద పడేశాను.
అంతకుమించి ఏం చెప్పాలో నాకు చేతకాలేదు.

ఆ రాత్రి డ్యూటీలో క్యారేజీ విప్పితే
పై గిన్నెలో సగం అరటిపండు,
కత్తితో సరిగ్గా మధ్యకి కోసినది.
మిగతా సగం ఎవరు తిన్నారని
ఇంటికొచ్చాక నేను అడగలేదు.