రెండో ఆట, మార్కాపురం

సినిమాలో దుమ్ము ఎర్రగా ఉంది.
మా పలకల గనుల్లో దుమ్ము
తడిసిన బూడిద రంగు. ఉమ్మినా అదే.
వీళ్ళు ఇటుకేసి రాలేదని అక్కడే తేలిపోయింది.

ఇన్‌స్పెక్టరు వేషం వేసినవాడు బాగున్నాడు,
మరీ బాగున్నాడు.
అసలాయనకు బెల్టు పొట్ట కిందికి జారేది,
వాంగ్మూలం మధ్యలో మజ్జిగ అడిగేవాడు.
నాకెందుకు తెలియదు?
ఆ కేసు కాగితాలన్నీ నా వేళ్ళ కిందే
మూడు కార్బన్లతో టైపయ్యాయి.

తెరమీద హంతకుడు ఊరికే నవ్వుతాడు.
బోనులో వాడు నవ్వలేదు.
వదులైన చొక్కా గుండీని
తిప్పుతూ నిలబడ్డాడు, అంతే.

ఇన్ని తప్పులు పడుతూ కూడా
చేతిలో సమోసా చల్లారింది చూసుకోలేదు.
ముగింపు తెలిసిన నేనే
"ఆ లారీ ఎక్కొద్దురా అబ్బయ్యా" అని గొణిగితే
పక్కన సుభానీ మోచెయ్యి నొక్కాడు.

ఇంక ఆ తల్లి.
జుట్టుకు తెల్లరంగు పూసిన ఎవరో చిన్నపిల్ల.
ఒక్క మాట కూడా ఇవ్వలేదు ఆమెకి.
పోలీసులు తెచ్చిచ్చిన క్యారేజీ విప్పి
కొడుకు మిగిల్చిన అన్నం కోళ్ళకు వేసి
గిన్నె తోమి బోర్లించింది.

కొండమ్మ సాక్ష్యంలో అది ఉండింది.
"కేసుకు పనికిరాదు, కొట్టెయ్" అన్నారు.
కొట్టేశాను. వరసగా ఇంటూ గుర్తులు,
రెండున్నర లైన్లు.

నేను చెరిపింది
ఆ పిల్ల ఎక్కడ చదివింది?

బయటికొచ్చాక స్కూటరు తీస్తూ
"ఎట్టుంది సార్?" అన్నాడు సుభానీ.

దుమ్ము రంగు తప్పు, అన్నాను.