రెండో శనివారం, ఎచ్చెర్ల

రాత్రి షిఫ్టు దిగి
పైడిభీమవరంలో ఎక్కిన బస్సు
ఎచ్చెర్ల రోడ్డు మీద దింపేసరికి తొమ్మిదిన్నర.
జుట్టులో ఇంకా సాల్వెంటు వాసన.
చున్నీతో ముఖం తుడుచుకుని
మళ్ళీ ఈ గేటు దాటుతాను,
ఏడేళ్ళ కిందట బస్ పాసు పోగొట్టుకుని ఏడ్చిన గేటు.

కెమిస్ట్రీ బ్లాకులో ఆఖరి గది.
ఒక ఫ్యాను తిరుగుతుంది, ఇంకొకటి తిరుగుతున్నట్టు నటిస్తుంది.
పదకొండుమంది వస్తామన్నారు, నలుగురొచ్చారు.
ఇద్దరు సంతకం పెట్టి క్యాంటీన్‌కి పోయారు.
ఒకడికి ఫోన్లో ఏదో పరీక్ష ఫలితం, తలెత్తడు.
మిగిలింది కర్ని హైమావతి.
పలాసలో తెల్లారగట్ల పాసింజరెక్కి
ఆమదాలవలసలో దిగి రెండాటోలు మారిన పిల్ల.
చేతులు బల్ల కింద.

"నీ గురించి చెప్పు" అన్నాను
నిటారుగా కూర్చుని, కంపెనీవాళ్ళ గొంతుతో.
తండ్రి పేరు చెప్పింది. ఊరు, మండలం చెప్పింది,
రేషన్ కార్డు కోసం నిలబడ్డట్టు.
పదో తరగతి మార్కులు చెప్పింది.
ఆగిపోయింది.
"ఇంకా నానేటి సెప్పనక్కా. అంతే."

ఆ అంతే నాకు తెలుసు.
మూడు ఇంటర్వ్యూల్లో నేనూ అక్కడే ఆగాను.
ఆ తర్వాతొక ఆదివారం బైరాగన్న,
నాకన్న అయిదేళ్ళు సీనియరు,
చిలకపాలెం టీ బడ్డీ దగ్గర నిలబెట్టి
"పోనీ, మీ అమ్మ కవళ్ళు ఎలా ఎండబెడతాదో చెప్పు" అన్నాడు.
ఉప్పెంత, ఎండెంత, మబ్బేస్తే ఏం చేస్తాది,
చెబుతూ పోయాను. టీ చల్లారిపోయింది.
నవ్వలేదతను. మెచ్చుకోలేదు.
"ఇప్పుడదే ఇంగ్లీషులో" అన్నాడు.

అందుకే అడిగాను,
"చేతులెందుకు దాచుకున్నావు?"

బల్ల మీద పెట్టింది. గోళ్ళ చుట్టూ నలుపు.
"జీడి సొనక్కా. సెలవులకి మాయమ్మతో కార్ఖానాకెల్తాను.
సబ్బుకి పోదు. అడుగుతారేటో అని."
"అడిగితే?"
"అడిగితే..."

"పిక్కలకి ముందు ఆవిరి పట్టాల.
పట్టీగానే కొయ్యకూడదు, ఒక రాత్రి ఆరాల.
తడుంటే పప్పు కత్తికి అంటుకుంటాది,
మరీ ఎండితే పొడుమైపోతాది.
మాయమ్మ చెవి కాడ ఆడించి చెప్పేస్తాది
ఏది గుండొస్తాదో ఏది బద్దొస్తాదో.
రోజుకెన్ని ఇరిగాయో గోడ మీద బొగ్గుతో గీస్తాది.
గీతలు పెరిగితే మనుషుల్ని కాదు, బాయిలర్ని తిడతాది."

రాత్రంతా నేను రిజిస్టర్లో రాసొచ్చింది అదే:
తేమ ఎంత, తేడా ఎంత, తేడా ఎక్కణ్ణుంచొచ్చింది.
ఆ మాట చెప్పబోయాను.
ఈలోగా ఫోన్ కుర్రాడు తలెత్తి
"అంటే మీ యమ్మ క్వాలిటీ కంట్రోలన్నమాట" అన్నాడు.
నా మాట వాడికి పోయింది.
పోనీ.

అప్పుడడిగింది హైమావతి,
నేను నోట్సులో రాసుకోని ప్రశ్న.
"నీకు ఇష్టవేనా అక్కా, ఆ పని?"

కంపెనీ గొంతు ఎటో పోయింది.
మొదటి జీతంతో నాన్నకి కళ్ళజోడు కొన్నానని చెప్పాను.
తెల్లవారుజాము మూడింటికి
నిద్రా కాని, ఏడుపూ కాని ఒకటొస్తుందని చెప్పాను.
ఇంటికెళ్ళి చారు పోసుకున్నా అసిటోన్ వాసనేనని చెప్పాను.
బైరాగన్న మానేసి రణస్థలంలో మందుల షాపు పెట్టుకున్నాడని,
ఎందుకు మానేశాడో ఎన్నడూ అడగలేదని చెప్పాను.
"కొన్ని రోజులు ఇష్టం" అన్నాను చివరికి.
సలహా కాదది.
ఆమె మాత్రం రాసుకుంది.

బండి టైమవుతోందని
రెజ్యూమె నా చేతిలో పెట్టి పరిగెత్తింది, దిద్దమని.
బస్టాపులో ఎర్రపెన్ను తీశాను.
రెండు స్పెల్లింగులు తప్పు. దిద్దాను.
హాబీలు: లేవు. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
కుడి అంచున బొటనవేలి ముద్ర,
ప్రతి గీతా తెలిసేంత స్పష్టంగా, జీడి రంగులో.
శుభ్రమైన కాపీ తియ్యమని రాయాలి.
అందుకే గదా నేను వచ్చేది.

బస్సొచ్చింది. సీటు దొరికింది.
మళ్ళీ పదింటికి షిఫ్టు, ఈలోగా నిద్రపోవాలి.
కాగితం మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని
పెన్ను మూత కోసం
పైడిభీమవరం దాకా వెతుకుతూనే ఉన్నాను.